నరసయ్యగారి పేరు ఉండాల్సిన చోట

చనిపోయిన ఒక మనిషికి దక్కాల్సిన చోట, అసలు పుట్టనే లేని మనిషిని కూర్చోబెట్టాను. ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఇదే. చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోయింది. ఇంత చిన్నదా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. మోస్తున్నప్పుడు ఇంత చిన్నదిగా లేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి. మండపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి. అంతవరకు చాలు.

మా ఊళ్లో వీర్రాజు అని క్లారినెట్ వాయించే ఆయన ఉండేవాడు. పగలు సెలూన్‌లో పని, పెళ్లిళ్ల కాలంలో సన్నాయి మేళంతో ఊళ్లు తిరగడం. పెళ్లివారంతా భోజనాల హడావిడిలో ఉండగా, ఎవరూ వినడం లేదని తెలిసి కూడా ఆయన ఓ మూల కూర్చుని కల్యాణి వాయిస్తుంటే, నేను విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చిన రోజులున్నాయి. ఈ విద్య ఈయనతో పోకూడదు, ఒక పాఠశాల పెట్టాలి అనుకున్నాను. ఆ కోరిక మాత్రం నిజం. దాన్ని కూడా మీరు నమ్మకపోతే నాకింకేమీ మిగలదు.

వీర్రాజు ఒకే షరతు పెట్టాడు. స్కూలుకి తన గురువు నరసయ్యగారి పేరు పెట్టాలి. నరసయ్యగారిది రామచంద్రపురం. తండ్రి లేని వీర్రాజుని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, విద్య నేర్పి, పోయేముందు తన క్లారినెట్టే చేతిలో పెట్టి వెళ్లిపోయిన మనిషి. ఆయన ఫొటో ఒక్కటి లేదు. ఆయన పేరు ఎక్కడా అచ్చయింది లేదు. వాయించే ముందు వీర్రాజు రెండు చెవులూ ముట్టుకుని ఆ పేరు అనుకునేవాడు. ఈ లోకంలో ఆ పేరు బతికున్నది అక్కడే. అలాగే పెడదాం అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను!

డబ్బు కోసం తిరిగాను. అన్నవరంలో అన్నదానానికి అడక్కుండానే రాసిచ్చే పెద్దమనుషులు క్లారినెట్ అనేసరికి నవ్వారు. కాకినాడ ఆఫీసుల్లో నా అర్జీ ఏ శాఖ కిందికి వస్తుందో తేలక బల్లల మీద తిరిగింది. రైసుమిల్లు యజమాని ఒకాయన గోడౌను మేడ మీద హాలు వాడుకోమన్నాడు గాని, డబ్బు మాటెత్తగానే, "బ్యాండు మేళానికి స్కూలేంటండి మాస్టారూ! పెళ్లికొడుకుల్ని తయారుచేసే స్కూలెట్టండి, ఫీజులు మావగార్లే కడతారు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికొచ్చాక కూడా మొహానికి అంటుకునే ఉంది.

ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజులవి. కాకినాడలో ఒకదాంట్లో కూర్చుని వెతగ్గా వెతగ్గా, సంగీత పాఠశాలలకూ, రెండు దేశాలవాళ్లు కలిసి చేసే సాంస్కృతిక పనులకూ డబ్బిచ్చే సంస్థ ఒకటి యూరప్‌లో కనబడింది. రాశాను. ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరి సంగీత పాఠశాల మాతో జత కలవడానికి ఒప్పుకుంది. అంతా అయ్యాక ఒక మెలిక వచ్చింది. మీ పని మంచిదే, కాని మీకూ యూరప్‌కూ మధ్య పాత సంబంధం ఏదైనా ఉండాలి, అది చూపించండి అన్నారు.

మాకూ ఫ్రాన్స్‌కూ పాత సంబంధం ఏముంటుంది? అప్పుడు యానాం గుర్తొచ్చింది. మా గోదావరి ఒడ్డునే ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. ఆలోచన వచ్చినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ సాయంత్రమే సెలూన్‌కి వెళ్లాను. వీర్రాజు నాకంటే వయసులో పెద్ద. అయినా అప్పటిదాకా పేరు పెట్టే పిలిచేవాణ్ణి. ఆ రోజు 'గారు' తగిలించాను. ఎందుకు తగిలించానో ఆయనకూ అర్థమై ఉంటుంది.

"వీర్రాజుగారూ, మీ తాతగారు యానాం వెళ్తుండేవారని ఓసారి చెప్పారు కదా."

ఆయన కత్తి తుడుస్తూ నవ్వాడు. "ఆయ్, వెళ్లేవాడండి. అక్కడ బ్రాందీ చవకండి మరి."

"అక్కడ ఫ్రెంచి దొరల బ్యాండు వినే ఉంటారు."

"వెళ్లేటప్పుడైతే వినుంటాడండి. వచ్చేటప్పుడు ఆయనకి మా మామ్మ తిట్లే వినబడేవి కాదండి, ఇంక బ్యాండేం వినబడద్ది?"

"ఆ బ్యాండు మాస్టారే మీ తాతగారికి క్లారినెట్ నేర్పాడని, తాతగారు మీకు నేర్పారని రాద్దాం. అలా రాస్తే డబ్బొస్తుంది."

ఆయన నవ్వు ఆగింది. "మరి నరసయ్యగారండి?"

"ఆయన పేరు ఎక్కడికి పోతుందండీ? ఇది కాగితం మీది మాట."

"మా తాతకి సన్నాయి ఎటేపు పట్టుకోవాలో తెలీదు మాస్టారూ. ఆయనకొచ్చింది క్షవరం ఒక్కటేనండి."

"ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?"

"వాళ్లకి తెలీదండి. నాకు తెలుసు కదండి."

నాకు కోపం వచ్చింది. తప్పు చేస్తున్నవాడికి వచ్చే కోపమది. "అయితే ఈ విద్య మీతోనే పోనివ్వండి. నరసయ్యగారు అన్నం పెట్టి నేర్పింది ఇందుకే అనుకోండి" అన్నాను.

ఆయన గురువును అడ్డుపెట్టుకునే ఆయన చేత గురువును వదిలించాను. ఆయన కత్తి మడిచి పక్కన పెట్టాడు. చివరికి, "చదూకున్నోరు. మీరెలాగంటే అలాగేనండి" అన్నాడు. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. ఒప్పుకున్నట్టే తీసుకున్నాను.

ఆ దొరకు ఆల్బేర్ అని నేనే పేరు పెట్టాను. పేరు పెట్టాక మీసాలు పెట్టాను. గోదావరి గాలికి మనసిచ్చి స్వదేశం వెళ్లలేకపోయాడని రాశాను. నరసయ్యగారు చేత్తో ఇచ్చిన క్లారినెట్‌ను ఆల్బేర్ ఇచ్చాడని రాశాను. రాస్తున్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. దీనికంటే సిగ్గుపడాల్సింది ఇంకేమైనా ఉందా? లేని మనిషి కోసం కన్నీళ్లొచ్చాయి. ఉన్న మనిషిని నా చేత్తోనే కొట్టేస్తుంటే ఒక్క చుక్క రాలేదు.

డబ్బు వచ్చింది. మేడ మీది హాలు బాగుచేయించాం. పిల్లలు చేరారు. ప్రారంభానికి ఫ్రాన్స్ నుంచి ఆ పాఠశాల పెద్ద వచ్చింది. మెట్ల పక్క గోడకు నల్లరాతి పలక పెట్టించాను. సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి. యానాం బ్యాండు మాస్టారు ఆల్బేర్ జ్ఞాపకార్థం అని. తెలుగు అక్షరం ఒక్కటి లేదు.

అడుగున ఒక వరుసలో నరసయ్యగారి పేరు చెక్కించలేకపోయానా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. రాతి మీద చోటుంది. చెక్కేవాడు అడిగాడు కూడా, కింద ఖాళీ వదిలేస్తే బోసిగా ఉంటుందేమోనండి అని. కాని ఆయనెవరని ఆ ఫ్రెంచావిడ అడిగితే? తాత నుంచి మనవడికి వచ్చిన విద్య అన్న నా కథ అక్కడే తెగిపోతుంది. ఖాళీగానే ఉండనివ్వు అన్నాను.

ఆ రోజు సత్యవతమ్మ వచ్చింది. నరసయ్యగారి కూతురు. రామచంద్రపురంలో ఆసుపత్రి ఆయా. వీర్రాజు ఆమెను అక్కా అని పిలిచేవాడు. స్కూలుకి నాన్నగారి పేరు పెడుతున్నారని మొదట్లోనే చెప్పాడట, ఆ తర్వాత కాదని చెప్పడానికి నోరు రాలేదట. ఆమెను ఎవరూ పిలవలేదు. విని తనే వచ్చింది. పెళ్లికి కట్టుకొచ్చినట్టు జరీ చీర, చేతిలో తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాల దండ.

తిన్నగా నా దగ్గరికి వచ్చి, "మా నాన్న పేరు రాయించేరంట కదండి మాస్టారూ. ఎక్కడండి?" అంది.

పక్కనే ఫ్రెంచావిడ. నాలుగడుగుల్లో వీర్రాజు. ఒక్క క్షణం ఉంది నాకు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండొచ్చు. కనీసం నోరు మూసుకుని ఉండొచ్చు. నేను చెయ్యెత్తి, ఆల్బేర్ అన్న అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదిగోనమ్మా, ఇక్కడ" అన్నాను.

ఆమె ఆ అక్షరాలను అరచేత్తో తడిమింది. తడిమిన చేతిని కళ్లకద్దుకుంది. దండ వేసింది. తర్వాత గోడకు నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఈమె ఏం చేస్తోందని ఫ్రెంచావిడ ఇంగ్లీషులో అడిగింది. ఆల్బేర్‌ను ఇక్కడివాళ్లు ఇప్పటికీ దేవుడిలా కొలుస్తారని చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని ఫొటో తీసింది. ఒక్క వేలితో ఇటు ఒక అబద్ధం, అటు ఒక అబద్ధం. ఆ ఫొటోనే తర్వాత వాళ్ల పాఠశాల పుస్తకానికి అట్ట మీద వేశారు.

సభ అయ్యాక, అందరూ టీలు తాగుతుంటే వీర్రాజు నా దగ్గరికి వచ్చాడు. "నన్ను అబద్ధమాడమన్నారు, ఆడేనండి. మా అక్కనెందుకు కలిపేరండి అందులో?" అన్నాడు.

"ఆవిడ సంతోషించింది కదా" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు గురించి రాయాలని చాలాసార్లు ప్రయత్నించాను. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మమ్మల్నిద్దరినీ ఫ్రాన్స్ రమ్మన్నారు. వీర్రాజు రానన్నాడు. "అక్కడ ఆ దొరగారి మనవలెవరైనా ఎదురైతే ఏం చుట్టరికం కలపమంటారండి?" అని నలుగురిలో అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప. ఒక్కణ్ణే వెళ్లాను. ఆల్బేర్ మీద ప్రసంగించాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మీతో దాచను, సుఖంగా ఉంది. జీవితంలో నాకు ఎవరూ అలా చప్పట్లు కొట్టలేదు. విద్య కోసం చేశానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఆ చప్పట్ల కోసం కాదా? రెండూ కలిసిపోయాయంటే మీరు ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను.

వీర్రాజు కొన్నాళ్లు పాఠం చెప్పాడు. చెవులు ముట్టుకోవడం మానేశాడు. పిల్లలకు అది నేర్పనూ లేదు. తర్వాత అసలు రావడమే మానేశాడు. అడగడానికి వెళ్తే, "చెయ్యి రావట్లేదండి" అన్నాడు. గడువు అయ్యాక యూరప్ డబ్బు ఆగింది. పిల్లలు చెదిరిపోయారు. హాల్లోకి ధాన్యం బస్తాలు వచ్చాయి. ఒక వర్షాకాలంలో వీర్రాజు జ్వరంతో పోయాడు. ఏ విద్య నిలబెట్టడానికి ఇదంతా చేశానో ఆ విద్య ఆయనతోనే వెళ్లిపోయింది.

ఇక్కడితో అయిపోతే ఎవరికీ చెప్పకుండానే పోయేవాణ్ణేమో. పోయిన నెల సత్యవతమ్మ మా ఇంటికి వచ్చింది. గోడౌను పడగొడుతున్నారట. ఆ రాయిని తనకు ఇప్పించమని అడగడానికి వచ్చింది.

"మా మనవరాల్ని ఇంగ్లీషు మీడియంలో ఏసేరండి. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. దాంచేత వాళ్ల ముత్తాత పేరు చదివించాలండి" అంది.

ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఏ ఫ్రెంచావిడా లేదు, ఏ డబ్బూ లేదు, భయపడటానికి ఇక ఏదీ లేదు. అయినా నా నోటినుంచి వచ్చింది, "తప్పకుండానమ్మా" అన్న మాటే. మిల్లువాళ్లతో మాట్లాడాను. రాయి ఊడదీయించి, ఆటోలో పెట్టించి, దగ్గరుండి పంపించాను. దేవుడి పటాల పక్కన పెట్టుకుని దండ వేశానని ఫోన్ చేసి చెప్పింది. దండం పెట్టుకుంటున్నానండి మాస్టారూ, మీ మేలు మర్చిపోను అంది.

ఈపాటికి ఆ పిల్ల చదివే ఉంటుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి ఉంటుంది. అందులో నరసయ్య లేడు. అది కాదే, సరిగ్గా చదువు అని సత్యవతమ్మ అంటుంది. పిల్ల మళ్లీ అదే చదువుతుంది. చదువు రావడం లేదని దాన్ని తిడతారా? వీపు మీద ఒకటి వేస్తారా? పుస్తకం తీసిన ప్రతిసారీ, సరిగ్గా చదివిన ఆ పిల్ల తనకే రాదనుకుంటుందా? రోజూ ఇదే. కళ్లు మూసినా ఇదే.

రామచంద్రపురం బస్సు ఎక్కాను. దారిలో ఎక్కడో కాదు, ఇంకా స్టాండు దాటకుండానే దిగిపోయాను. మర్నాడు మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను. క్షమించమని అడగడానికి భయం కాదు. ఆమె క్షమించేస్తుందని భయం. పోనీలెండి మాస్టారూ అని, నాకు మంచినీళ్లిచ్చి, ఆ దండ తీసేసి, ఆ రాయిని పెరట్లో బోర్లించి, ఇక జీవితాంతం తండ్రి పేరు ఎక్కడా లేని ఇంట్లో బతుకుతుంది. తీసుకెళ్లి నేనివ్వగలిగింది అదే కదా.

వెళ్తానని మీకు మాటివ్వను. ఇచ్చిన మాటల సంగతి ఇంతవరకు చదివారు. రాయగలిగింది మాత్రం రాస్తాను. వీర్రాజుకి క్లారినెట్ నేర్పింది రామచంద్రపురం నరసయ్యగారు. ఆ వాద్యం ఆయన ఇచ్చిందే. ఆల్బేర్ అనే మనిషి పుట్టలేదు, నేను పుట్టించాను.

రాశాను. కలం పక్కన పెట్టి, చాలా ఏళ్ల తర్వాత ఒక ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. అంతవరకే.