ఉప్పువారి కోడలు

ఆ పేటలో ఏ వీధికి వెళ్లినా ఓ ఉప్పువారి ఇల్లు తగులుతుంది. తాతలు ఉప్పు పండించారో, బస్తాలు మోశారో చెప్పగలిగినవాడు లేడు. అయినా ఆ ఇంటిపేరు చెవిన పడగానే ప్రతివాడికీ ఓ మాట పుట్టుకొస్తుంది. వాళ్లకు కోపమొస్తే ఉప్పూ కారం ఎక్కువైందంటారు. నమ్మకంగా ఉంటే ఉప్పు తిన్న విశ్వాసమంటారు. తప్పు చేస్తే ఉప్పు తిన్నాక నీళ్లు తాగక తప్పదంటారు. లోకానికి నోరు ఊరికే వచ్చింది మరి.

ఈమె ఆ ఇంటి కోడలు, మిల్లు క్యాంటీన్‌లో వంటమనిషి. అందరికీ ఉప్పక్క. పుట్టింటి పేరేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కూరలో ఉప్పు సరిగ్గా పడితే, "పడక చస్తుందా, ఇంటిపేరే అదాయె" అనేవారు. చెయ్యి కాల్చుకుని నేర్చింది తను, పేరు మామగారిది. ఒళ్లు మండేది గానీ, పొగడ్త ఏ దారిన వచ్చినా పొగడ్తే కదా అని ఊరుకునేది.

ఆ చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. నాలుక మాత్రం చచ్చిపోయింది. తీపీ చేదూ ఒకటే. ఎవరికీ చెప్పకుండా గుప్పిటి కొలతతో నెట్టుకొచ్చింది. ఇంతలో క్యాంటీన్‌లో కల్లుప్పు మాని మెత్తటి ఉప్పు తెప్పించారు. అదే గుప్పిట్లో మెత్తనిది ఎక్కువ పడుతుంది. ఆ సంగతి నాలుకే చెప్పాలి.

ఆ మధ్యాహ్నం మొదటి ముద్దకే జనం కుళాయి మీద పడ్డారు. ఆమెనెవరూ అనలేదు.

"ఉప్పక్క చేతిలో ఉప్పు తప్పుతుందా. ఎవరో రెండోసారి వేసుంటారు" అన్నాడు ఫిట్టరు.

చూపులన్నీ అక్కడే గిన్నెలు తోమే ఉప్పక్క ఆడపడుచు మీదికి పోయాయి. ఉప్పువారింట పుట్టింది ఆవిడే. పెళ్లయి ఇంటిపేరు మారింది గనక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"పొయ్యి దగ్గరికి వెళ్లావా?" అని మేనేజరు నిలదీశాడు.

"వెళ్లకపోతే గిన్నెలు నడిచొస్తాయా సార్?"

"నోరు బాగానే ఉంది. రేపట్నుంచి పనికి రావద్దు."

ఆడపడుచు వదినవైపు తిరిగింది. "పుట్టింటి పేరు నాది, పొగడ్తలు నీవి. తిట్లు మాత్రం నాకా వదినా?"

నోరు మూసుకుంటే పొయ్యి తనదే. నోరు విప్పితే, రుచి తెలియని వంటమనిషిని ఎవరుంచుకుంటారు? ఉప్పక్క గరిటె కింద పెట్టింది.

"వేసింది నేనేనండి."

"ఆడపడుచని వెనకేసుకురాకు" అన్నాడు మేనేజరు.

నిజం చెబితే నమ్మేవాడు లేడు. ఆమె గిన్నెడు కూర వడ్డించుకుని, కళ్లయినా చికిలించకుండా తినసాగింది. నాలుగో ముద్దకు ఫిట్టరే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకిది మట్టితో సమానం. జ్వరం తర్వాత నాలుక పోయింది" అంది.

మేనేజరు ఆలోచించి, ఉప్పువారింట పుట్టింది కదా అని పొయ్యి ఆడపడుచుకిచ్చాడు. ఉప్పక్కను కూరగాయలు తరగమన్నాడు.

మర్నాడు ఆడపడుచు పెద్ద గిన్నె ముందు గుప్పెడు ఉప్పు పట్టుకుని నిలబడిపోయింది. "వదినా, ఇది చాలా?"

"నన్నడుగుతావేం? నాలుకున్నది నీకు."

"నాలుకుంటే సరా? నాకు నోరే గానీ వంట రాదు."

ఉప్పక్క కత్తి పక్కన పెట్టి లేచింది. ఆ గుప్పిట విప్పి సగం డబ్బాలోకి దులిపింది. "మిగతాది వెయ్. కలుపు. ఇప్పుడు నోట్లో వేసుకుని ఉన్నదున్నట్టు చెప్పు."

"చప్పగా ఉంది."

"అయితే ఇంకో చిటికెడు. మళ్లీ చూసి చెప్పు."