ఈశ్వరమ్మ దుకాణంలో మారిన పాస్‌వర్డ్

"నాకూ నీకూ తప్ప ఇంకెవనికి ఎరుక గా వైఫై పాస్‌వర్డ్?"

"నేను మార్చలే సేటూ. మార్చుడు నాకు రానే రాదు."

"పక్క హోటలోనికి పాస్‌వర్డ్ ఇచ్చుడు మాత్రం వచ్చిందా? మొన్న దానికే తిట్టిననని కసి పెట్టుకుని మార్చినవ్. పాస్‌వర్డ్ చెప్పు, లేకుంటే రేపటి సంది రాకు."

"రేపు ఎందుకు? ఇప్పుడే పోత."

నేను బండికి స్టాండు వేసేసరికి బిక్షం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు. మహబూబాబాద్‌లో ఈ టోకు కిరాణా కొట్టుకు చెయ్యీ కాలూ అతనే. నన్ను చూసి కూడా పలకకుండా బస్టాండు వైపు నడిచాడు. సేటు శ్రీపాల్ కోపం నా మీదికి తిరిగింది.

"నగేశా, ఈ కంప్యూటర్ల నువ్వెక్కించిన లినక్సే దరిద్రం! నెట్ లేదు, బిల్లు లేదు. భూపాలపల్లి లారీ ఆగిపోయింది."

"కొత్త కంప్యూటర్ కొనమంటే వద్దన్నది ఎవరన్నా? పాతదానికి అదే దిక్కు."

సేటు గొణుక్కుంటూ లారీ డ్రైవర్‌ను సముదాయించడానికి వెళ్లాడు.

గల్లాపెట్టె దగ్గర అతని తల్లి ఈశ్వరమ్మ మిగిలింది. భర్త మంచం పట్టిన నాటి నుంచి ఆమే కాటా ముందు కూర్చుంది. ఆడమనిషి తూకమని వెక్కిరించినవాళ్లే తర్వాత ఆమె తూకమైతేనే సరుకు కొన్నారు. ఎవరైనా తక్కువైందని అంటే వాదించదు. పొట్లం విప్పి, కొట్లో ఉన్న అందరినీ పిలిచి, వాళ్ల కళ్ల ముందే మళ్లీ తూస్తుంది. బిక్షానికి కాటా పట్టడం నేర్పిందీ ఆమే. ఇప్పుడు మాత్రం కాటా వదిలి, బిక్షం పోయిన వైపే చూస్తోంది.

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎన్నడూ మార్చని కంపెనీ పేరుతోనే వైఫై కనబడుతోంది. కలవబోయిన ప్రతిసారీ తెగిపోతోంది. కంప్యూటర్ తన తప్పులు రాసుకునే లాగ్ తెరిస్తే ఒకటే గోల: పాస్‌వర్డ్ తప్పు కావచ్చు. దాచి ఉన్న పాత కనెక్షన్ తీసేసి, సేటు చెప్పిన పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాను. ఊహూఁ. అదే పాస్‌వర్డ్ నా ఫోన్‌లో కొట్టాను. అదీ ఒప్పుకోలేదు.

తప్పు లినక్స్‌దైతే నాలుగు తిట్లు తిని బాగుచేసేవాణ్ని. ఇది బిక్షం మెడకు చుట్టుకునేలా ఉంది.

"ఏమైందిరా?" అంది ఈశ్వరమ్మ.

"కంప్యూటర్ మంచిగనే ఉందమ్మా. రూటర్లనే పాస్‌వర్డ్ మారింది."

"అంటే... బిక్షమేనా?"

స్టూలెక్కాను. లక్ష్మీదేవి పటం పక్కనే, అలమరలో నిలబెట్టి ఉంది రూటర్. శుక్రవారం కదా, కాటాకూ గల్లాకూ కంప్యూటర్‌కూ పెట్టినట్టే దానికీ పసుపూ బొట్టూ పెట్టారు. పై అంచున చిన్న రంధ్రం. అందులో బిగుసుకుపోయి, కాలిపోయిన అగరుబత్తి పుల్ల.

మెల్లగా పీకాను.

"అమ్మా, గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే. ఎప్పుడూ అరటిపండుకు గుచ్చుత. పొద్దున పండు లేకుండె. గా బొక్క కనవడితే అండ్ల నిలవెట్టిన. పడిపోతదని జర గట్టిగనే ఒత్తిన. ఏం, దేవునికి కూడా పనికిరాదా?"

"దేవునికి పనికొస్తదమ్మా. ఆ బొక్కల మీట ఉంటది. కొద్దిసేపు ఒత్తి పట్టుకుంటే మనం పెట్టుకున్న పాస్‌వర్డ్ పోయి, కంపెనోళ్లు పెట్టిందే మళ్ల వస్తది."

రూటర్ వెనక చీటీ మీది పసుపు తుడిచి, అక్కడున్న పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో కొట్టాను. వెంటనే కలిసింది. బిల్లు వచ్చింది. లారీ కదిలిన చప్పుడు.

ఈశ్వరమ్మ నా చేతిలోని పుల్లకేసే చూస్తోంది. చేతిలోని పైటకొంగును మెలితిప్పుతోంది.

నాకే జాలేసింది. "రూటర్ దానంతటదే పాడైందని అన్నకు చెప్త. ఈ పుల్ల ముచ్చట మనిద్దరి మధ్యనే ఉంటది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు కాటా మీద దొంగచెయ్యి పెట్టినవాణ్ని చూసే చూపు.

"అందరు చూస్తుండంగ దిగిపోయిండు వాడు" అంది. "ఆ పుల్ల పారెయ్యకు, ఇటు తే. బండి తియ్యి. తొర్రూరు బస్సు ఎక్కకముందే వాణ్ని ఆపు. నేను పిలుస్తున్న అను, ఎందుకో నువ్వు చెప్పకు. ఇక్కడికొచ్చినంక, శ్రీపాల్ ముందట, హోటలోని ముందట నేనే చెప్త."