గొంతెత్తి చదవమన్నారు

ఈ మధ్య నేను చదివిన నవలల్లో అందరికీ చెవులు భలే పనిచేస్తాయి. పక్క గదిలో అత్తగారు గుసగుసలాడితే కోడలికి వినిపిస్తుంది. వీధి చివర స్కూటర్ ఆగితే వచ్చింది తన మొగుడేనని ఆమెకు తెలిసిపోతుంది. చినుకు పడితే వింటారు, ఆకు రాలితే వింటారు. ఈ రాసేవాళ్లను తెచ్చి మా శాంతి నగర్‌లో ఒక్క పూట కూర్చోబెట్టాలి అనుకుంటాను. ఇక్కడ కుక్కర్ కూత వేసిందో లేదో ఆవిరి చూసి తెలుసుకోవాలి.

మేముండేది సాంచాల కార్ఖానా మీద గదిలో. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ముంబై పక్కన ఈ భివండిలో ఉండే తెలుగువాళ్లం ఇళ్లలో ఆ మాటే వాడతాం. కింద మా ఆయన సాంచాలు నడుపుతాడు. పైన నేను దారం కండెలు చుడతాను, వండుతాను, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటాను. నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. స్టీలు గ్లాసును గూటి లోపలికి పెట్టినా సాయంత్రానికి అంచుకు వచ్చి కూర్చుంటుంది. నేను పుట్టింది కూడా ఇలాంటి గదిలోనే. మా నాన్న సాంచాల పక్కన చీరతో ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేవాడట. ఆ మోత ఆగితేనే లేచి ఏడ్చేదాన్నట.

నా చెవులు ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. ఒక్కరోజులో పోయి ఉంటే ఏడ్చేదాన్ని. నెమ్మదిగా, అడక్కుండా పోయాయి. ఒక డాక్టరు చెవి మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకోగానే కిందున్న సాంచాలన్నీ నా తలకాయలోకి వచ్చి నడవడం మొదలుపెట్టాయి. తీసి బీరువాలో పడేశాను, అది అక్కడే చెడిపోయింది. ఎదురుగా నిలబడి అరిచినా గాలి కదిలినట్టు ఉంటుంది, అంతే.

దానికి మా ఇంట్లో ఎవరూ బెంగ పెట్టుకోలేదు. ఎందుకంటే సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడరు. ఎంత అరిచినా ఆ మోతలో వినిపించదు కాబట్టి ఉత్త పెదవులు కదుపుతారు. అవతలి వరసలో ఉన్నవాడు చూసి అర్థం చేసుకుంటాడు. చాయ్ తాగుదామా అన్నా, దారం తెగిందన్నా, సేటు వస్తున్నాడన్నా అన్నీ పెదవుల మీదే. తిట్లూ అంతే. అవి మాత్రం కొంచెం నోరు పెద్దగా తెరిచి తిడతారు. మా ఇంట్లోనూ అదే అలవాటైంది. నా దగ్గర గొంతు వాడటం దండగని అందరికీ తెలుసు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి బడి నుంచి రాగానే నా ఎదురుగా నిలబడి, “అమ్మా, ఆకలైతుంది” అని పెదవులతోనే చెబుతుంది. మేమిద్దరం కార్ఖానా అంత మోతలో కూడా హాయిగా ముచ్చట్లు పెట్టుకోగలం.

టీవీ నాకు ఎలాగూ పనికిరాదు. అందుకే పుస్తకాలు పట్టాను. కరీంనగర్‌లో ఉండే మా అక్క పచ్చడి సీసాలతో పాటు నాలుగు నవలలు కట్టి బస్సులో వేస్తుంది. అంజూర్ ఫాటా కూడలి దగ్గర బస్సు ఆగితే మా ఆయన వెళ్లి తెస్తాడు. తెచ్చిన ప్రతిసారీ ఒకటే మాట.

“ఏందే, ఇన్ని సదివి కలెక్టర్ అయితవా?”

“నువ్వు గిన్నెలు తోము, నేను అయిత” అంటాను.

ఈ వానాకాలంలో మూడు పుస్తకాలు పట్టుకున్నాను. మొదటిది హత్య కథ. హంతకుడు వంటవాడని సగంలోనే తెలిసిపోయింది. ఆ ఇంట్లో మంచి గుణాలన్నీ వాడొక్కడికే ఉన్నాయి మరి. రెండోది అన్నదమ్ముల ఆస్తి గొడవ. అందులో ఎవరు ఎవరి కొడుకో తేల్చుకునేసరికి పుస్తకం అయిపోయింది. మూడోది రైల్వే స్టేషన్ పక్కన పూటకూళ్లు పెట్టుకున్న ఒక ఆడమనిషి కథ. ఆమెకు కోపమెక్కువ, నాకూ ఎక్కువే, అందుకే నచ్చింది. వెన్నెల గురించి ఒక్క ముక్క లేదు. పప్పు ఎలా తాలింపు పెట్టిందో మాత్రం పేజీ నిండా ఉంది. కుళాయి నీళ్ల కోసం ఆమె స్టేషన్ మాస్టర్‌తో కొట్లాటకు దిగిన చోట నేను ఉండగా, బాల్వాడి టీచరు రమ్మని కబురు పెట్టింది.

బాల్వాడికి, అంటే చిన్నపిల్లల బడికి, వెళ్లేది మా చిన్నోడు. వాడికి నాలుగో ఏడు నడుస్తోంది. ఆడపిల్ల పుట్టిన చాలా ఏళ్లకు పుట్టాడు. వాడు నాతో చెప్పని ముచ్చట లేదు. రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకొని మరీ చెబుతాడు. నీళ్లు కావాలంటాడు, అక్క కొట్టిందంటాడు, గోడ మీద పిల్లి కూర్చుందంటాడు. అన్నీ ఆ చిన్న పెదవుల మీద నాకు స్పష్టంగా కనిపిస్తాయి. చుట్టాలు వస్తే, “నోట్లె నాలుక లేని పిల్లగాడు, మంచోడు” అని మెచ్చుకునేవాళ్లు. కార్ఖానాలో వాళ్లు వాడు పెదవులు కదిపితే మురిసిపోయి, వీడు పుట్టుకతోనే సాంచాల పిల్లగాడని నవ్వేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది.

టీచరు పెదవుల మీది మాట నాకు సరిగా అందదని అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. టీచరు హిందీలో, నేను చూసి పట్టుకునేంత నెమ్మదిగా, “బచ్చా బోల్తా నహీ” అంది.

నాకు ఒళ్లు మండింది. బాగా మాట్లాడతాడన్నాను. మీ దగ్గర భయపడుతున్నాడేమో అన్నాను. చిన్నోడిని దగ్గరకు లాక్కుని, “టీచరుకు చెప్పు బిడ్డా, పొద్దున ఏం తిన్నవ్?” అని అడిగాను. వాడు నా ముఖంలోకి చూసి, “ఉప్మా” అన్నాడు.

“చూడండి, ఉప్మా అన్నాడు కదా” అన్నాను టీచరుతో.

టీచరు నా వైపు కాకుండా మా అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి నా కొంగు పట్టి లాగింది. దాని పెదవులు కదిలాయి. “అమ్మా, ఆవాజ్ లేదు.”

“ఏ ఆవాజ్?”

“వాని నోట్ల నుంచి ఆవాజ్ నహీ నికల్తా అమ్మా. ఏడిస్తే వస్తది, నవ్వితే వస్తది. మాటకు రాదు.”

“ఎన్నడూ రాలేదా?”

రాలేదని తల ఊపింది.

“మరి నాకు చెప్పలేదేందే?”

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీతోని అందరం గట్లనే మాట్లాడతం కద. వాడు గూడ నీకోసమే గట్ల అంటుండు అనుకున్న.”

బాల్వాడి గోడల మీద ఏనుగు బొమ్మలు, మామిడిపండు బొమ్మలు ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. నా కొడుకు ఇన్నాళ్లూ నాతో చెప్పిన ముచ్చట్లలో ఒక్కటి కూడా ఈ లోకంలో ఎవరి చెవినా పడలేదు. నాకొక్కదానికే మాట్లాడాడు. వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియకపోవడం సరే, అది నా కర్మ. వాడికీ తెలియదు.

మా ఆయనకు చెబితే ముందు నమ్మలేదు. చిన్నోడు కిందికి వచ్చేది సాంచాలు నడిచేటప్పుడే. అక్కడ ఎవరికీ గొంతు ఉండదు. శుక్రవారం సాంచాలకు సుట్టీ. ఆ రోజు ఈయన భోజనం చేసి మధ్యాహ్నమంతా పడుకుంటాడు.

“సుట్టీ నాడు సప్పుడు చెయ్యకుంట తిరుగుతుంటె, నాయిన పన్నడు లేపద్దని అనుకుంటుండేమో అని సంబురపడ్డ” అన్నాడు.

పక్కింటి వదిన వస కొమ్ము తేనెలో అరగదీసి వాడి నాలుకకు రాసింది. చిన్నప్పుడే రాసి ఉంటే ఈపాటికి వసపిట్టలా వాగేవాడంది. వాడు తేనె చప్పరించి, ఇంకా కావాలని పెదవులతో అడిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

థానేలో డాక్టరమ్మకు చూపించాం. చెవులు పరీక్ష చేసింది, బాగున్నాయంది. గొంతు చూసింది, అదీ బాగుందంది. ఇంట్లో అందరూ పెదవులు కదిపితే వాడూ కదిపాడని, మాట అంటే అంతే అనుకున్నాడని చెప్పింది. ఇంక ఆలస్యం చేస్తే కష్టమవుతుందని కూడా చెప్పింది. వారం వారం తీసుకురావాలి. ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఇంటి భాషలో కథలు గొంతెత్తి చదివి వినిపించాలి. చదివేటప్పుడు పుస్తకం నోటికి అడ్డం పెట్టుకోవాలి. పెదవులు కనిపిస్తే వాడు వినడు, చూస్తాడు.

ఇదంతా అమ్మాయి నాకు ఒక్కో మాటగా పెదవులతో చెప్పింది. చివరన, “ఇంట్ల తెలుగు సదివేది ఎవరని అడుగుతుంది” అంది.

ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. మా ఆయన నాలుగు తరగతులు మరాఠీలో చదివాడు. అమ్మాయిదీ మరాఠీ బడే. “నాకు వినిపించదని చెప్పు” అన్నాను. అమ్మాయి చెప్పింది. డాక్టరమ్మ, అయినా చదవమనండి, అంది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టయింది నా పని.

అప్పటి నుంచి శుక్రవారం వస్తే నాకు భయం. మిగతా రోజుల్లో చదివినా కింది మోతలో ఏమీ తేలదు. అంజూర్ ఫాటా వైపు కొత్త బిల్డింగుల్లో గది చూద్దామంటే, “సాంచాలు ఇక్కడ, మనం అక్కడ, ఎట్ల కుదురుతది?” అన్నాడు మా ఆయన. ఆయన మాట తప్పని చెప్పలేను. కాబట్టి మాకున్నది శుక్రవారమే. పొద్దున లేవగానే కాళ్ల కింద నేల కదలదు. భోజనాల వేళకు చిన్నోడిని ముందు కూర్చోబెట్టుకుని పుస్తకం తీస్తాను. పిల్లల కథలు పంపమని అక్కకు చెప్పాను కానీ అవి వచ్చేదాకా ఉన్నది ఆ పూటకూళ్లామె కథే.

నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేత్తో పైకి, కిందికి అని చూపిస్తుంది. ఒకసారి రెండు చేతులూ చెవులకు పెట్టుకుని, “అమ్మా, రేషన్ దుకాణంల లొల్లి పెట్టినట్టు సదువుతున్నవ్” అంది. తగ్గిస్తే, అసలు వినిపించడం లేదంది. పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంటే అక్షరాలు ముక్కుకు తగిలేంత దగ్గరవుతాయి. తల పైకెత్తి, కిందికి దించి, ఎలాగో చదువుతాను. ఇంతకుముందు నోరు మూసుకుని చదివినప్పుడు ఆ పూటకూళ్లామె తాలింపు వాసన కూడా వచ్చేది నాకు. ఇప్పుడు ఒక్క ముక్క తలకెక్కదు. స్టేషన్ మాస్టర్ ఆమెకు కుళాయి ఇచ్చాడో లేదో చదివే ఉంటాను, గుర్తులేదు.

కానీ అన్నిటికన్నా కష్టం చిన్నోడి ముఖం. వాడికి నా నోరు కావాలి. పుస్తకం అడ్డం పెట్టగానే రెండు చేతులతో దాన్ని కిందికి లాగేవాడు. నేను మళ్లీ పైకి ఎత్తేదాన్ని. మళ్లీ లాగేవాడు. తల్లి ముఖం దాచుకుంటే ఏ తప్పు చేశానో అనుకుంటాడు పిల్లవాడు. ఒక శుక్రవారం పుస్తకం లాక్కుని నా పెదవుల మీద వేళ్లు పెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు గొంతు ఉందని అమ్మాయి చెప్పింది. ఆ రోజు ఇంక చదవలేకపోయాను. వాడిని ఒళ్లో వేసుకుని నేనూ ఏడ్చాను.

మొన్నటి శుక్రవారం వాడు పుస్తకం లాగలేదు.

మా ఆయన కంచం ముందు కూర్చుని అన్నంలో పప్పు కలుపుకుంటున్నాడు. అమ్మాయి నా ఎదురుగా కూర్చుని గొంతు పెంచమని, తగ్గించమని చేత్తో చూపిస్తోంది. నేను చదువుతుంటే పేజీ మీదుగా చిన్నోడి కళ్లు కనిపిస్తున్నాయి. అటూ ఇటూ కదలకుండా ఉన్నాయి. వింటున్నాడేమో అనిపించింది. పేజీ అయిపోయాక నోటి మీది నుంచి పుస్తకం దించాను. వాడు నా ముఖంలోకి చూశాడు. పెదవులు కదిలాయి.

“ఇంక సదువు.”

అమ్మాయి వైపు తిరిగి, “ఆవాజ్ వచ్చిందా?” అని అడిగాను.

అది ఒకసారి తమ్ముడి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. “వచ్చింది అమ్మా” అంది. “జర చిన్నగ వచ్చింది.”

దాని భుజం మీదుగా మా ఆయన కనిపిస్తున్నాడు. శుక్రవారం పక్క గదిలో కుళాయి కారుతున్నా వినిపించే మనిషి. కొడుకు నోట మొదటి మాట వింటే ఏ తండ్రైనా తల ఎత్తుతాడు. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. అమ్మాయి ఆయన వైపు చూడలేదు. నా ముఖమే చూస్తోంది, నేను నమ్మానా లేదా అని.

“మంచిది బిడ్డా” అన్నాను.

చిన్నోడు నా మోకాలు తట్టి, ఇంక చదవమని మళ్లీ పెదవులు కదిపాడు. పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని, ఎంత గట్టిగా చదువుతున్నానో తెలియకుండానే, వాడు అడిగిన పేజీ చదివాను.