కళాయి గిన్నె చారు

మా ల్యాబ్‌లో యంత్రం మరమ్మతు అయి వచ్చిన రోజు, పరీక్షించి చూడడానికి చేతికి ఏ నమూనా దొరక్క, నా క్యారియర్‌లోని చారు తీశాను. నీళ్ళలో, మసాలాల్లో, చేపల్లో సీసం ఎంతుందో చూడడమే నా ఉద్యోగం. చారును ఆమ్లంలో మరగబెట్టి, తేటపరిచి, అందులో ఎలక్ట్రోడ్ ముంచాను. సరదాకి చేసిన పని. తెరమీది గీతలో సరిగ్గా సీసం కనిపించే చోటే నిటారుగా ఓ పీక్ లేచింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఆ చారు మా నాలుగేళ్ళ పాప రోజూ గ్లాసులో పోయించుకుని తాగుతుంది.

ఈ పద్ధతిలో లోహాలన్నీ ముందు ఎలక్ట్రోడ్‌కి అంటుకుంటాయి. వోల్టేజి పెంచుకుంటూ పోతే మా దోహా మెట్రోలో జనంలా ఒక్కొక్కటీ తన స్టేషన్‌లో దిగిపోతుంది. ఎక్కడ దిగిందో చూసి అదేమిటో చెబుతాం. చిక్కేమిటంటే, మేం వాడే ఆమ్లంలో సీసమూ తగరమూ రెండూ ఒకే స్టేషన్‌లో, ముషైరిబ్‌లోనే దిగుతాయి. చారు కాచే మా ఇత్తడి గిన్నెకు లోపల వేసిన కళాయి పూత తగరమే. మరి దిగింది ఎవరు?

ఆమధ్య ఆ గిన్నెకు పాత కళాయి పోయి మూలన పడితే, దోహాలో కళాయి వేసేవాళ్ళెక్కడ అనుకున్నాను. కారు రేడియేటర్ బాగుచేయించడానికి ఇండస్ట్రియల్ ఏరియాకి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే జగిత్యాల వైపు కుర్రాడొకడు నా తెలుగు విని పలకరించాడు. గిన్నె సంగతి చెబితే నవ్వాడు.

"గదేం పెద్ద పని అక్కా, నేను పూస్త తియ్. ఒక్క పూట చారువోసి బువ్వ వెట్టు, సాలు."

అద్దంలా మెరిసేలా పూసి తెచ్చాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని మా ఇంట్లో కూర్చుని, ఆ గిన్నెలో కాచిన చారే పోసుకుని తృప్తిగా తిన్నాడు.

ఇప్పుడు ఫోన్ చేసి ఏం పూశావని అడిగాను.

"తగరమే అక్కా. మా రేడియేటర్లకు వెట్టే కడ్డీ. గట్టిగుంటది."

అతుకులేసే కడ్డీలో తగరంతోపాటు సీసమూ ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. ఏది నమ్మాలో తెలియలేదు. గిన్నె దాచేస్తే పాప చారు కావాలని ఏడ్చింది. "మనమూ తాగాం కదా, బాగానే ఉన్నాం" అన్నారు మా ఆయన. ఆ మాటకు ఊరట పడాలో, ఒళ్ళు మండాలో అర్థం కాలేదు. చివరికి ఒళ్ళే మండింది.

మర్నాడు స్టీలు గిన్నెలో అదే చింతపండు, అవే దినుసులతో చారు కాచి యంత్రంలో పెట్టి చూశాను. పీక్ లేదు. అంటే వచ్చింది గిన్నెలోంచే. తర్వాత తగరం ఆ చోట దిగకుండా ద్రావణం మార్చి, మొదటి చారునే మళ్ళీ పరీక్షించాను. తగరం తప్పుకుంది. పీక్ తగ్గింది కానీ పోలేదు. మిగిలింది సీసమే.

పాపకు రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. కొంచెం ఉందని, ఆ గిన్నె మానేస్తే తగ్గిపోతుందని డాక్టరు చెప్పింది. హాస్పిటల్ మెట్లమీదే కూర్చుని ఏడ్చాను.

ఇక ఆ అబ్బాయికి చెప్పాలా వద్దా? ప్రేమతో చేసిన పని. చెబితే నొచ్చుకుంటాడు. చెప్పకపోతే రేపు ఇంకో గిన్నెకు పూస్తాడు. ఎటూ తేలక, చివరికి మాటలు కూడబలుక్కుని ఫోన్ చేసి చెప్పాను.

"పాపకేం గాలేదు గద అక్కా?" అన్నాడు. లేదన్నాను.

"మరి పొద్దంత నేను గదే కడ్డీ కరిగిస్త. గా చేతుల్తోనే తింట. నాకెంతుంటదక్కా?"

ఇన్నాళ్ళూ నా గిన్నె, నా పాప తప్ప నాకు ఇంకేమీ తట్టలేదు. సిగ్గేసింది. శుక్రవారం రమ్మని, నేనే పరీక్షకు తీసుకెళ్తానని చెప్పాను.

"వస్త గానీ, ఎక్కువుందని తేలితే కంపెనీ ఉంచుతదా అక్కా?"

శుక్రవారం అన్నం వండి, స్టీలు గిన్నెలో చారు కాచి, సాయంత్రం దాకా చూశాం. అతను రాలేదు.