నిర్మల్ ఘాట్ మీద ఉస్తాద్ వేళ్లు

పోయిన వారం రక్తపరీక్షకు వచ్చిన నర్సమ్మ నా చూపుడువేలికి రెండుసార్లు సూది గుచ్చినా చుక్క రక్తం రాలేదు. “తాతా, గిది వేలా, చెప్పు తోలా?” అని నవ్వింది. ముప్ఫై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి చక్కెర జబ్బు రావడమే పెద్ద వేళాకోళం, దానికి తోడు ఇదొకటి. ఆమె మరో వేలు వెతుక్కుంటుంటే నాకు మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఆయన వెంట నిర్మల్ ఘాట్ మీద రెండు రోజులు తడిసిన వాన కూడా గుర్తొచ్చింది.

డెబ్బయిల మొదట్లో సంగతి. మాది బోధన్‌లోని పెద్ద ఫ్యాక్టరీ కాదు, రుద్రూర్ వైపు చెరకు తోటల మధ్య ఉండే చిన్నది. అక్కడ పాన్ దగ్గర నేను ఉస్తాద్‌కు సహాయకుణ్ణి. పాన్ అంటే చిక్కబడ్డ చెరకురసం ఉడికి చక్కెర గింజ కట్టే పెద్ద ఇనుప పాత్ర. రసం అదనుకు వచ్చిందో లేదో చెప్పడానికి మీటర్లు ఉండేవి గాని, ఉస్తాద్ వాటిని గోడమీది క్యాలెండర్ల కింద జమకట్టేవాడు. చన్నీళ్లలో వేళ్లు ముంచి, కాగే పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తీగ లాగేవాడు. ఆ తీగ వేళ్ల మధ్య సాగే తీరులోనే ఆయనకు అంతా తెలిసేది. అదను తప్పితే గింజకు బదులు పిండి మిగులుతుంది. ఆయనది బోధన్‌లో తరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం, తండ్రి మిఠాయిలు చేసేవాడట. ఆ లెక్కన పాకం ఆయన రక్తంలోనే ఉంది. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. నాలుగు సీజన్లు ఆయన పక్కన నిలబడేసరికి ఇక నాకు రానిది లేదనుకున్నాను. పిల్లకాకికేం తెలుసు ఉండేలుదెబ్బ అంటారు కదా. ఆ నాలుగో సీజన్లో రెండు పాన్లు చెడిపోయాయి, నింద చెరకు మీదికి పోయింది. మా మేనేజరు పెద్ద సాహెబ్ మాత్రం నన్ను గదిలోకి పిలిచి, “ఉస్తాద్ చెయ్యి తప్పుతున్నదేమో చూసి చెప్పు. తప్పితే ఈసారి ఆ జాగ నీదే” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది.

వానకాలంలో చెరకు ఆడదు. తుప్పు గీకడం, గొట్టాలు కడగడం తప్ప పని ఉండదు. అందుకే ఒక శనివారం ముగ్గురు మిత్రులం నిర్మల్ ఘాట్ కొండదారి చూడబోదామనుకున్నాం. ఒకడు మా ల్యాబులో పనిచేసేవాడు. రెండోవాడు ఎడపల్లి రైతు, వాళ్ల బాపు జీపు వాడి చేతిలో ఉండేది. ఎప్పుడూ మా వెంట రాని ఉస్తాద్ ఆ రోజు సంచీ చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. “నేను గూడ వస్త, జాగ ఉందా?” అన్నాడు. యాభై ఆరేళ్ల మనిషికి కుర్రకారుతో షికారేమిటని మాలో మేం నవ్వుకున్నాం. నేను మాత్రం, చూడాల్సిన చెయ్యి దానంతటదే నా వెంట వస్తోందని లోలోపల మురిసిపోయాను.

జీపుకు వైపర్ పనిచేసేది కాదు. ఎడపల్లి మిత్రుడు దానికి రెండు వైపులా సుతిలి తాళ్లు కట్టాడు. ఒక కొస నా చేతిలో, మరో కొస ల్యాబు మిత్రుడి చేతిలో. ఆర్మూరు దాకా దాన్ని కవ్వంలా లాగుతూనే ఉన్నాం. సోన్ దగ్గర గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. నిర్మల్ దాటి ఘాటు ఎక్కేసరికి మబ్బు రోడ్డు మీదికి దిగింది. టేకు ఆకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. చివరికి ల్యాబు మిత్రుణ్ణి దించి, తెల్ల తువ్వాలు ఊపుతూ ముందు నడవమన్నాం. తెల్ల మబ్బులో తెల్ల తువ్వాలు! ఎడపల్లి మిత్రుడు తల బయటపెట్టి, “అరె, నువ్వు కనవడ్తలేవు, జర పాటన్న పాడురా!” అని అరిచాడు. వాడు పాడాడు. ఆ పాట పట్టుకుని, రాత్రికి ఉండాల్సిన ఫారెస్టు బంగ్లా చేరాం. అంత హాయిగా నవ్విన ప్రయాణం మళ్లీ నాకు దొరకలేదు.

మర్నాడు పొద్దున కూడా వాన తెరిపివ్వలేదు. బంగ్లా కావలివాడి పొయ్యి దగ్గర చేరి, ఉస్తాద్‌ను పల్లిపట్టీ చెయ్యమన్నాం. ఆయన సంచీలోంచి బెల్లమూ పల్లీలూ తీశాడు. మిగతా ఇద్దరూ పల్లీలు వేయించి, పొట్టు ఊదుతూ కొట్లాడుకుంటున్నారు. నేను మాత్రం ఆయన చేతినే చూస్తున్నాను. బెల్లం పాకం బుడగలు లేస్తోంది. ఆయన వేళ్లు నీళ్లలో ముంచలేదు. గరిటె అంచునుంచి పాకాన్ని నేరుగా వేళ్లతో పట్టాడు, పట్టి అలాగే ఉన్నాడు. చర్మం నా కళ్లముందే ఎర్రబడింది. ఆయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. తీగ లాగి, దాన్ని చూడకుండా నా వైపు తిరిగి, “ఏమంటవ్? అయ్యిందా?” అన్నాడు. ఆ మాట ఆయన ఎవర్నీ అడగడం నేను నాలుగేళ్లలో వినలేదు. “అయ్యింది ఉస్తాద్” అని గిన్నె దించేశాను. అంతవరకూ నాకున్న సంతోషమంతా ఎటు పోయిందో తెలియదు.

మధ్యాహ్నం వాన తగ్గాక ఆయన నన్ను ఘాటు అంచుకు తీసుకుపోయాడు. లోయ నిండా మబ్బే. “రెండేండ్ల సంది వేళ్లకు ఏం తెలుస్తలేదు బేటా” అన్నాడు. “సాహెబ్ నిన్ను పిలిచిన నాడే నాకెరుకైంది. పొద్దుగాల నువ్వు సూస్తున్నవని గూడ ఎరికే. నువ్వే సూడాలని వచ్చిన.”

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. సీజన్ మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొట్టి, ఫాతెహా ప్రార్థన చదివి, అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే మొదటి పాన్ తీగను ఉస్తాదే లాగాలి. ఆ రోజు ఆయన తలవంపుల పాలవుతాడేమోనని నాకు దుఃఖం ముంచుకొచ్చింది. “మొదటి పాన్‌కు పక్కనుండి నేను సూసి మెల్లగ చెప్త ఉస్తాద్. ఎవ్వరికి తెల్వది” అన్నాను.

“ఎవ్వరికి తెల్వకుంట ఉంచుడే గదా, గీ రెండేండ్లు నేను చేసింది. గందుకే రెండు పాన్లు పోయినయ్” అన్నాడు. అయినా ఆ రోజు ఆయన పక్కనే నిలబడి చెప్పాలని నేను నిశ్చయించుకున్నాను.

సోమవారం సాహెబ్ అడిగితే, మొదటి పాన్ అయ్యాక చెబుతానన్నాను. దీపావళి దాటింది, చెరకు బండ్లు వచ్చాయి. ఆ రోజు పాన్ చుట్టూ నేల ఈనినట్టు జనం. సాహెబ్ ముందు వరుసలో ఉన్నాడు. నేను ఉస్తాద్ భుజానికి ఆనుకుని, చెవిలో చెప్పడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన పాకం తీసి, నా మణికట్టు పట్టుకుని, నా చెయ్యి చన్నీళ్లలో ముంచి, ఆ పాకాన్ని నా వేళ్లమీద వేశాడు. “నా వేళ్ల పని అయిపోయింది సాహెబ్. ఇగ వీడు సూస్తడు” అని అందరికీ వినపడేట్టు అన్నాడు. నాలుగు సీజన్లలో నాకు అన్నీ వచ్చనుకున్నవాణ్ణి, తీగను రెండుసార్లు లాగి చూసుకున్నాను. ఆయన తీగను చూడలేదు, నా ముఖం చూశాడు. “అయ్యింది” అన్నాను. గింజ ముత్యంలా కట్టింది. ఆయన భుజంమీది తువ్వాలుతో నా వేళ్లు తుడిచి, మెల్లగా మెట్లు దిగిపోయాడు.

దయతలచి నా వేళ్లు ఆయనకు అరువిద్దామనుకున్నాను, ఆయన తన పాన్ మొత్తం నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఇప్పుడు నేను ఆనాటి ఉస్తాద్ కంటే చాలా పెద్దవాణ్ణి. అయినా ఇన్నేళ్లు గడిచినా, ఆయన ముందు మాత్రం నేనింకా ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణే.