అవ్వ కట్టిన కొంగు ముడి

మా ఓడ ప్రయాణం రేపటితో అయిపోతుంది. డెక్కు మీద డీజిలు వాసన తగలగానే నిజాంసాగర్ పడవ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు వేసవి సెలవుల చివర్లో ఎల్లారెడ్డి నుంచి అవ్వ నన్ను ఆ పడవ ఎక్కించడానికి తీసుకెళ్లింది. నేను ఒక్కచోట కుదురుగా కూర్చునే పిల్లను కాదు. పడవెక్కగానే అవ్వ తన కొంగును నా నడుముకు ముడేసింది.

"నాకు నీళ్లంటే బుగులు బిడ్డా. నన్ను పడనియ్యకు, గట్టిగ కూసో!"

ఒడ్డు చేరేదాకా నేను కదిలితే ఒట్టు. ఇంటికొచ్చాక, అవ్వను నేనే కాపాడానని వాడంతా చాటాను.

"అవ్, నా బిడ్డనే నన్ను ఒడ్డుకు తెచ్చింది!" అంది అవ్వ. ఆమె చెరువుల్లో ఈతకొడుతూ పెరిగిన మనిషని చాలా ఏళ్లకు తెలిసింది.

ఇప్పుడు నా కూతురు ఓడ రెయిలింగు ఎక్కుతోంది. నా చున్నీ కొస దాని నడుముకు కట్టాను.

"నాకు బుగులైతుంది బిడ్డా, నన్ను పడనియ్యకు!"

అది వెంటనే దిగి, ఛాతీ విరుచుకుని, నాకు అడ్డంగా నిలబడింది.