అజీజ్‌బీ కుట్టిన అంబాసిడర్

జనగామలో ఆ గల్లీవాళ్లకు పెళ్లికైనా, దవాఖానకైనా బాబామియా అంబాసిడరే. ఆయన పోయాక అది ఇంటి ముందు రేకుల కింద పడి ఉంది. సీట్ల రెక్సిన్ పగిలి కొబ్బరిపీచు బయటికొచ్చింది. తలుపుల లోపలి అట్టలు చెమ్మకు ఉబ్బినై. లోపల కప్పుకు కొట్టిన గుడ్డ జారి వేలాడుతోంది.

ఆయన భార్య అజీజ్‌బీ బట్టలు కుట్టి బతికేది. ఒకనాడు సీట్లు ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంది. పాత తొడుగు కుట్లు విప్పి, దాని కొలతకే కొత్త రెక్సిన్ కత్తిరించింది.

అప్పుడే మరిది ఆరిఫ్ బండి కొనేటాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన లోపలికి తొంగిచూసి, "సీట్లు లేని బండి నాకెందుకయ్యా" అని వెళ్లిపోయాడు.

ఆరిఫ్ గడపలో నిలబడ్డాడు. "మా అన్న బండి అది. అమ్ముదామంటే చింపుకొని కూసున్నవేంది భాబీ?"

"చింపింది ఎలుకలు. నేను కుడుతున్న."

"ఆడమనిషివి, కారేం జేసుకుంటవ్?"

"నడుపుత. మీ అన్ననే నేర్పిండు."

కప్పు గుడ్డ పని ఆమెను ఏడిపించింది. సీట్లు లేని బండిలో వెల్లకిలా పడుకొని, గుడ్డను లాగి పట్టి అంచులకు జిగురు పూయాలి. చేతులు గుంజేవి, జిగురు వాసనకు తల తిరిగేది. ముడతలు పడితే పీకి మళ్లీ వేసింది. అది నున్నగా కుదిరిన రోజు తనే కాసేపు కింద పడుకొని చూసుకుంది.

మర్నాడు ఆమె బజారు నుంచి వచ్చేసరికి ఆ గుడ్డ ముందు నుంచి వెనకదాకా చీలి ఉంది. "మీ మరిది బ్లేడు పట్కొని వచ్చిండక్కా. ఆపితే నన్ను తిట్టిండు" అంది పక్కింటి తుల్సీబాయి.

అజీజ్‌బీ నేరుగా ఆరిఫ్ వాకిట్లోకి పోయింది. "ఇంకోసారి నా బండి మీద చెయ్యేస్తే ఠాణాకు పోత" అని నలుగురూ వినేటట్టు చెప్పి వచ్చేసింది. మళ్లీ గుడ్డ తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టింది.

బండి తయారయ్యాక ఆరిఫ్ కూతురు షిఫాకు పెళ్లి కుదిరింది. పిల్ల తనే వచ్చి అడిగింది. "పెద్దమ్మా, నన్ను పెద్దనాయిన బండిలనే సాగనంపు."

"నువ్వెక్కు. మీ నాయిన ఎక్కద్దు" అంది అజీజ్‌బీ.

అప్పగింతల నాడు తనే బండి తోలుకొని పోయింది. షిఫా, పెళ్లికొడుకు వెనక కూర్చున్నారు. ఆరిఫ్ ముందు తలుపు తీసి కూర్చోబోయాడు. ఆమె సీటు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వియ్యంకులు చూస్తున్నరు భాబీ. ఆనాడు పొరపాటైంది."

"బ్లేడు తెచ్చుకొని మరీ చేసిన పని, పొరపాటెట్లయితది?"

షిఫా తల దించుకుంది. ఆరిఫ్ ముఖం మాడ్చుకొని తలుపు వేశాడు. కూతురి బండి వెనక ఆటోలో అత్తారింటిదాకా పోయాడు.

ఆడపిల్ల పెళ్లినాడు అంత పంతం ఎందుకని గల్లీలో కొందరు ఇప్పటికీ అజీజ్‌బీనే అంటారు. ఆమె మాత్రం ఆ తర్వాత ఆరిఫ్‌తో మాట్లాడనే లేదు.